ఇప్పుడు వింటున్నది

మధ్యాహ్నం రెండూ పదికి తమ్ముడు బతికే ఉన్నాడు.

ఆ సంగతి ఫోను చెప్పింది. పాటల యాప్‌లో వాడి బొమ్మ పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగింది, దాని కింద ‘ఇప్పుడు వింటున్నది’ అని, ఆ కింద రైలు పాట. ఆమె హమ్మయ్య అనుకుంది. వారం రోజులుగా ఆమె హమ్మయ్య అనుకునేది రోజుకొక్కసారే, అదీ మధ్యాహ్నం పూట, చెవుల ఆసుపత్రి రెండో అంతస్తులో, కిటికీ లేని ఈ వినికిడి పరీక్ష గదిలో. ఫోను తెరను ఫొటో తీసి దాచుకుంది. సాయంత్రం అమ్మకు చూపించాలి. గడపలో కాలు పెట్టగానే అమ్మ అడిగేది అదే, ఈవేళ ఏం విన్నాడే అని, ఏం తిన్నాడే అని అడిగినట్టు. వాడు పాట విన్నాడంటే అమ్మ రెండు ముద్దలు తింటుంది. మొదటి రెండు రోజులూ మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి.

రెండు పొరల అద్దానికి అవతల, మెత్తటి గోడలున్న పెట్టెలాంటి గదిలో, ప్రెస్సు తాతగారు చెవులకు డిప్పలు తగిలించుకుని బుద్ధిగా కూర్చున్నారు. నలభై ఏళ్ళు అచ్చు యంత్రాల పక్కన నిలబడిన మనిషి. చేతిలో బటను. శబ్దం వినబడితే నొక్కాలి. నొక్కితే ఇవతల ఆమె బల్ల మీద చిన్న దీపం వెలుగుతుంది, ఆమె కాగితం మీద గుర్తు పెడుతుంది, కుడి చెవికి ఎర్ర సున్నా, ఎడమ చెవికి నీలం ఇంటూ. పదకొండేళ్ళుగా అదే పని. తాతగారిని వెంటబెట్టుకొచ్చిన మామ్మగారు బయట బెంచీ మీద ఉన్నారు. ముప్ఫై ఏళ్ళుగా పిలుస్తున్నానమ్మా, పలకరు, అది చెవుడో పొగరో ఈవేళ తేల్చి చెప్పు, చెవుడైతే క్షమించేస్తాను అన్నారావిడ లోపలికి పంపుతూ. తాతగారు ఏమీ విననట్టే నడిచి వచ్చేశారు. చెవిటివాడు అనిపించుకోవడం కన్నా పొగరుబోతు అనిపించుకోవడమే నయం అనుకున్నారో ఏమో, శబ్దం పంపినా నొక్కుతున్నారు, పంపకపోయినా నొక్కుతున్నారు. దీపం మిణుకుమిణుకుమంటూనే ఉంది. దీన్ని ఈ గదిలో ఉత్త నొక్కుడు అంటారు. అది అబద్ధమాడటం కాదు. ఎదురుచూసి ఎదురుచూసి చెవే ఒక శబ్దం తయారుచేసుకుంటుంది, మనిషి నిజంగానే విన్నాననుకుంటాడు. ఇలాంటివాళ్ళ పరీక్ష ఇరవై నిమిషాలకు తెమలదు, గంట పడుతుంది. ఆమెకు పని నేర్పిన పెద్ద టెక్నీషియన్ మొదటి రోజే చెప్పింది, శబ్దాలను ఎప్పుడూ సమానమైన ఎడంతో పంపకు, మనిషి లయ పట్టేస్తాడు, ఆ తర్వాత వినడు, లెక్కపెడతాడు. అందుకే ఆమె ఒకసారి రెండు క్షణాలు ఆగుతుంది, ఒకసారి ఆరు, ఒకసారి ఊరికే కూర్చుంటుంది.

రైలు పాటలో రైలు లేదు. ఆ పేరు వాడు పెట్టింది, వంతెన మీద బండి పోతున్నట్టు దరువు ఉంటుందని. వాళ్ళిద్దరి పాటలకూ అసలు పేర్లు ఎవరికి గుర్తున్నాయి, రైలు పాట, వాన పాట, ఉత్తరం పాట, అంతే. మొదట్లో ఇద్దరికీ ఒకటే ఖాతా. ఒక ఖాతాలో ఒక్కచోటే పాట వస్తుంది, ఆమె బస్సెక్కి పాట పెట్టుకుంటే ఎక్కడో వాడి చెవిలో పాట టక్కున ఆగిపోయేది, మరుక్షణం ఫోను మోగేది. “అక్కా, దిగు.” నేనే ముందెక్కానురా అనేది ఆమె. నాది మధ్యలో ఉంది, ఈ చరణం అయిపోతే దిగిపోతా అనేవాడు వాడు. బస్సులో సీటు కోసం కొట్టుకున్నట్టు పాట కోసం కొట్టుకునేవాళ్ళు. చివరికి వాడే విసిగి ఆమెకు వేరే ఖాతా తెరిచి, ఒకరు వినేది ఒకరికి కనబడేలా రెండింటినీ కలిపాడు. ఇక ఫోను చేసి బాగున్నావా అని అడగక్కర్లేదు, నేనేం వింటున్నానో చూస్తే నీకే తెలుస్తుంది అన్నాడు. నిజమే, తెలిసేది. పొద్దున్నే జోరు పాట కనబడితే లాండ్రీ యజమాని ఊళ్ళో లేడన్నమాట, పాత విషాదం కనబడితే తిట్లు తిన్నాడన్నమాట. బాగున్నావా అని అడగడం ఇద్దరూ నిజంగానే మానేశారు. ఎప్పుడు మానేశారో ఆమె గమనించలేదు.

రెండూ పధ్నాలుగు. వాన పాట.

ఆమె ఎడమ చెవిలోకి సన్నటి కూత పంపింది. తాతగారు నొక్కలేదు. గుర్తుల్ని కలిపే గీతలో నాలుగు వేల హెర్ట్జ్ కూత దగ్గర గుంట. యంత్రాల పక్క బతికినవాళ్ళ గీత ఎక్కడెక్కడ తిరిగినా నాలుగు వేల దగ్గరికి వచ్చేసరికి కాలు జారి పడ్డట్టు కిందికి పోతుంది, తాతగారిదీ అంతే, వాడిదీ అంతే. తాతగారికి డెబ్భై రెండు. వాడికి ఇరవై ఆరు. ఆసుపత్రుల బట్టలు ఉతికే పెద్ద లాండ్రీలో పొద్దుటి నుంచి ఒంటిగంట దాకా ఆరబెట్టే డ్రమ్ముల దగ్గర పని, ఆ హోరు వినబడకుండా చెవుల్లో పాటలు, హోరుకు మించిన సౌండు, రెండింటి నుంచి బండి మీద ఊరంతా బట్టలు చేరవేయడం, అప్పుడూ బండి ఆగిన చోటల్లా చెవుల్లో పాటలే. సౌండు తగ్గించరా అని ఆమె ఎన్నిసార్లు అనలేదు. తగ్గిస్తే డ్రమ్ములు వినబడతాయి అక్కా అనేవాడు నవ్వుతూ. వాడికి డ్రమ్ముల హోరు నుంచి బయటపడే దారి ఒక్కటే దొరికింది, పాటలు రికార్డు చేసే స్టూడియోలో సహాయకుడి ఉద్యోగం. తీసుకుంటామన్నారు. చెవులు బాగున్నాయని ఒక కాగితం తెమ్మన్నారు. చెవుల కాగితమంటే మనింట్లో అక్క ఉందిగా అని వాడు ఆ బుధవారం భోజనాల వేళ ఈల వేసుకుంటూ వచ్చాడు. ఇదే పెట్టె, ఇదే కుర్చీ, ఇవే డిప్పలు. అద్దంలోంచి బొటనవేలెత్తి చూపించాడు. ఆమె కూతలు పంపింది. రెండు వేల దాకా దీపం వెలుగుతూనే ఉంది. నాలుగు వేల దగ్గర వెలగలేదు. ఆమె పెంచింది, వెలగలేదు. ఇంకా పెంచింది. అద్దానికి అవతల వాడు తల వంచుకుని, కళ్ళు మూసుకుని, వినడానికి ఒళ్ళంతా బిగబట్టుకుని కూర్చున్నాడు. వాడు మాత్రం ఒక్క ఉత్త నొక్కుడు కూడా నొక్కలేదు. అంత నిజాయితీగా విన్నాడు వెధవ.

రెండూ పంతొమ్మిది, ఏదో కొత్త పాట, ఆమెకు తెలియనిది. పొడుగుపాటిది.

“ఒక్క గీత, అక్కా. ఇక్కడి నుంచి ఇక్కడికి,” అన్నాడు వాడు బయటికొచ్చి, కాగితం మీద గుంట పైన వేలితో వంతెన కట్టినట్టు చూపిస్తూ. ఆమె ఒప్పుకోలేదు. తప్పుడు కాగితం రాస్తే ఉద్యోగం పోతుందని కాదు, అది కూడా ఉంది కానీ అది కాదు, అక్కడా మళ్ళీ చెవులకు డిప్పలేగా, ఉన్న కాస్తా పోతుందిగా అని. ఆ మాట అలాగే చెప్పి ఉంటే సరిపోయేది. బయట వరసలో తొమ్మిది మంది ఉన్నారు, డాక్టరమ్మ రెండుసార్లు కబురు పెట్టింది, వాడు కాగితం వదలడం లేదు. చెవులు పోయేవాడికి పాటల ఉద్యోగం ఎందుకురా అంది. ఆ మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకు ఇప్పటికీ అర్థం కాదు. వాడు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు, లాండ్రీవాడి మడతలు, అంచు మీద అంచు కొలిచినట్టు, జేబులో పెట్టుకున్నాడు. తలుపు దగ్గర ఆగి ఒక మాట అన్నాడు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. అమ్మకూ చెప్పలేదు. ఇన్‌స్పెక్టర్‌కూ చెప్పలేదు. వెళ్ళేముందు ఏమైనా అన్నాడా అని ఆయన రెండుసార్లు అడిగాడు, ఏమీ అనలేదండీ అంది రెండుసార్లూ.

ఆ సాయంత్రం వాడు ఇంటికి రాలేదు, ఫోను ఆపేసి ఉంది, లాండ్రీ యజమానికి ఫోను చేస్తే రెండింటికే వెళ్ళాడు, మళ్ళీ మొహం చూపించలేదు, వస్తే చెప్పండి పనిలోంచి తీసేశానని అన్నాడు. గురువారం తనూ అమ్మా పోలీసు స్టేషనులో కూర్చున్నారు. శుక్రవారం ఇక్కడ, ఇద్దరు రోగుల మధ్య దొరికిన అర నిమిషంలో, ఎందుకో యాప్ తెరిచింది. చుక్క. ఉత్తరం పాట. చదవలేని చోట ఉన్నాను కానీ రాస్తూనే ఉన్నానని ఒకడు పాడే పాట. ఆమె మెట్ల దాకా పరుగెత్తింది, మెట్ల మీదే ఇన్‌స్పెక్టర్‌కు ఫోను చేసింది, వాడు బతికే ఉన్నాడండీ, ఇదిగో ఇప్పుడు పాట వింటున్నాడు. ఫోను ఆపేసి ఉంటే పాటెలా వింటాడమ్మా అన్నాడాయన. ఇంకో ఫోనులో వింటాడేమో, ఖాతా వాడిదే, ఎందులోనైనా వినచ్చు అని ఆమే సర్ది చెప్పింది, ఆయన కాదనకుండానే వాదించింది. ఆయన నవ్వాడు. మంచివాడే, తేలిగ్గా నవ్వాడు. “అలిగాడమ్మా. ప్రాణం మీద విరక్తి పుట్టినవాడు కూర్చుని పాటలు వినడు. నాలుగు రోజులు చూడండి, ఆకలేస్తే అతనే వస్తాడు.” అప్పటి నుంచి వెతకడం ఆగిపోయింది. ఆపింది ఇన్‌స్పెక్టర్ కాదు. తనే.

ఆ శుక్రవారం ఉత్తరం పాటకు ఆమె జవాబిచ్చింది. తలుపు పాట పెట్టింది, తలుపు దగ్గరికి వేసి ఉంచాను, గొళ్ళెం పెట్టలేదని ఒకావిడ పాడుతుంది, వాడి తెర మీద తన చుక్క వెలుగుతుందిగా, చూస్తాడుగా. శనివారం వాడు వాన పాట విన్నాడు. తడిసి ఇంటికొచ్చేవాడి పాట. చూశావా అమ్మా, వస్తానంటున్నాడు అంది. ఆదివారం మాత్రం చుక్క వెలగలేదు. రోజంతా వెలగలేదు. అమ్మకు శనివారం పాటే మళ్ళీ చెప్పింది. సోమవారం వెలిగింది, వాడూ ఆదివారం సెలవు తీసుకున్నాడు కాబోలు అని తనలో తనే పేలవంగా నవ్వుకుంది. పొద్దున ఎందుకు వెలగదంటే నిద్రపోతుంటాడు, సాయంత్రం ఎందుకు వెలగదంటే ఏదో పని దొరికి ఉంటుంది. ఎప్పుడో చిన్నప్పుడు ఊరి బయట మూతపడ్డ రాళ్ళ క్వారీకి వెళ్ళి అరిచేవాళ్ళు ఇద్దరూ. అటు గోడలోంచి అరుపు తిరిగొచ్చేది. అవతల ఎవరో ఉన్నారు అక్కా అనేవాడు వాడు, నాలుగేళ్ళ వెధవ. ఎవరూ లేరురా, మన గొంతే అని ఎన్నిసార్లు చెప్పినా నమ్మేవాడు కాదు, ఇంకోసారి అరుద్దాం, ఇంకోసారి.

రెండూ ఇరవై ఏడు. జోలపాట.

దీపం వెలిగింది. ఆమె ఏమీ పంపలేదు. తాతగారు అద్దంలోంచి గర్వంగా చూశారు, ఎలా పట్టేశానో చూశావా అన్నట్టు.

జోలపాట మొన్ననే విన్నాడే. బుధవారం. ఫొటో ఉంది. ఆమె ఎందుకు తీసి చూసిందో ఆమెకే తెలియదు, బొటనవేలు దానంతటదే వెనక్కి జరిపింది. బుధవారం ఫొటో, జోలపాట, పైన మూలన గడియారం, రెండూ ఇరవై ఏడు. ఊరికే కలిసింది. మంగళవారం ఫొటో, రైలు పాట, రెండూ పది. ఊరికే. శనివారం, వాన పాట, రెండూ పధ్నాలుగు. గదిలో చల్లగా ఉంటుంది ఎప్పుడూ, యంత్రాల కోసం, కానీ ఆ చల్లదనం ఇప్పుడు వేరే చోట మొదలైంది, మెడ వెనక. వారం రోజులుగా చుక్క వెలిగే వేళలో ఆమె రోజుకొక్కసారే చూసింది, రోగికీ రోగికీ మధ్య, ఒకరోజు ముందు, ఒకరోజు వెనక, అందుకే ఒక్కో రోజు ఒక్కో పాట. ఇంతసేపు వరసగా చూడటం ఇవాళే, ఈ తాతగారి పుణ్యమా అని. మొదటి శుక్రవారం నాటి ఫొటో తెరిచింది. ఉత్తరం పాట. రెండూ ముప్ఫై ఒకటి.

ఇప్పుడు రెండూ ఇరవై తొమ్మిది.

రాకూడదు. ఇంకేదైనా రావాలి. ఏ పిచ్చి పాటైనా సరే, వాడికి అస్సలు నచ్చని పాట, మధ్యలో ఆపేసి మార్చేసిన పాట, విసుగొచ్చి మార్చినట్టు తెలియాలి, చేతులున్నవాడు మార్చినట్టు. తాతగారు మళ్ళీ నొక్కారు, ఆమె చూడలేదు. రెండూ ముప్ఫై. మనిషి రోజూ అదే నిమిషానికి, సమానమైన ఎడంతో ఏ పనీ చేయడు, తుమ్మడు, నవ్వడు, తలుచుకోడు. సమానమైన ఎడం యంత్రానిది. ఒరేయ్, మార్చరా. ఒక్కసారి చెయ్యి వేసి మార్చరా. గడియారంలో అంకె మారింది. తెర మీద అక్షరాలు ఒక్కసారి చెదిరి, మళ్ళీ కుదురుకున్నాయి.

ఉత్తరం పాట.

వేరే ఫోను. ఏ వేరే ఫోను. రెండేళ్ళ కిందట ఆమె కొత్తది కొనుక్కుని, తెర పగిలిన తన పాత ఫోను వాడికిచ్చింది. ఆ తర్వాతెప్పుడో అడిగితే పనికొచ్చే చోట పెట్టాలే అన్నాడు. ఎక్కడ అని అడగలేదు. అడగక్కర్లేని రోజులు కదా అవి. ఆమె లాండ్రీకి ఫోను చేసింది. యజమాని ఎత్తాడు, ఆమె ఆయన్ని అడగలేదు, ఇస్త్రీ హాల్లో పెద్దక్కకు ఇవ్వండి అంది. వాడి కబుర్లలో వినడమే ఆవిడ గురించి, ఇరవై మంది ఆడవాళ్ళను నిలబెట్టి ఇస్త్రీ చేయించే మనిషి, వాడికి రోజూ జుట్టు కత్తిరించుకోమని చెప్పే మనిషి. ఫోను చేతులు మారింది. ముందు ఆవిరి బుసలు వినబడ్డాయి. ఆ తర్వాత, బుసల వెనక, కొంచెం గరగరగా, ఉత్తరం పాట. ఆమె చేతిలోని తెర మీద పేరు, చెవిలో ఆ పాట, అదే చరణం.

“పాటలా?” అంది పెద్దక్క. “రెండయితే వాటంతటవే వస్తాయమ్మా. తను బండి మీద వెళ్ళిపోతే మాకు తోచదని మీ తమ్ముడే పాత ఫోను ఒకటి స్పీకరుకు తగిలించి పెట్టాడు. ఆదివారం కరెంటు కట్టేస్తాం, మిగతా రోజులు వస్తాయి. మేం దాన్ని ముట్టుకోలేదు తల్లీ. ముట్టుకుంటే పోతాయేమోనని భయం. అవి మొదలైతే ఆ అబ్బాయి లోపలికొచ్చినట్టే ఉంటుంది మాకు.”

అద్దానికి అవతల తాతగారు ఓపికగా కూర్చుని ఉన్నారు. ఇక అడగడానికి ఏమీ లేదు, అయినా నోరు అడిగింది, ఈ తొమ్మిది రోజుల్లో పాట ఎప్పుడైనా మధ్యలో ఆగిపోయిందా అని.

“లేదే. అదే విచిత్రం. ఇదివరకు రోజుకు రెండు మూడుసార్లు టక్కున ఆగిపోయేది, నీకు బయట పాట కావాలంటే మా నోట్లోది లాక్కోవాలా అని తిట్టేవాళ్ళం కూడా. పాపం నవ్వేవాడు. ఈ తొమ్మిది రోజులూ ఒక్కసారీ ఆగలేదు. హాయిగా వస్తోంది.” ఆ మాట అన్నాక ఆవిడకే ఏదో తట్టినట్టుంది. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగింది. “ఆపెయ్యమంటావా అమ్మా?”

ఒక ఖాతాలో ఒక్కచోటే పాట వస్తుంది. అక్కా, దిగు. నేనే ముందెక్కానురా. హాల్లో పాట వస్తోందంటే వాడు ఎక్కడా వినడం లేదు. తొమ్మిది రోజులుగా, చెవుల్లో పాట లేకుండా పళ్ళు కూడా తోముకోనివాడు, ఏమీ వినడం లేదు. ఆ పాటే వాడి జాడ అనుకుని తను ఊళ్ళో అందరినీ కూర్చోబెట్టింది, ఆ పాట వస్తున్నంతసేపూ వాడు లేడు. ఆపేస్తే ఇక ఆ చుక్క వెలగదు, అమ్మకు చూపించడానికి ఏమీ ఉండదు. ఆపకపోతే. ఆపకపోతే, ఎక్కడో, ఏ గోడవారనో, వాడు ఒక్క పాట పెట్టుకుంటే.

“ఆపొద్దు,” అంది ఆమె. “ఆదివారం కూడా కరెంటు కట్టొద్దని చెప్పండి పెద్దక్కా, నేను మీ యజమానితో మాట్లాడతాను. రాత్రీ పగలూ వచ్చేలా పెట్టండి. అందరినీ ఒక చెవి అటు వేసి ఉంచమనండి. పాట మధ్యలో ఆగిపోతే ఆ క్షణమే నాకు ఫోను చెయ్యండి. ఏ వేళైనా సరే.”

పెద్దక్కకు ఎంత అర్థమైందో తెలియదు. సరేనమ్మా అంది.

ఇన్‌స్పెక్టర్ రెండో మోతకే ఎత్తాడు, ఈవేళ ఏం పాటమ్మా అన్నాడు సరదాగా. ఆమె చెప్పింది. పాత ఫోను సంగతి, సమానమైన ఎడం సంగతి, ఆదివారం సంగతి. తన గొంతు రోగులకు గీత చూపించి వివరించే గొంతులా ఉండటం ఆమెకే వినబడింది. అప్పుడు మిగిలినది చెప్పింది. మీరు అడిగారు, వెళ్ళేముందు ఏమైనా అన్నాడా అని. అన్నాడు.

“వినబడని రోజు దాకా నేను ఉండను అక్కా, అన్నాడు.”

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. “అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?”

“వింటున్నాడు కదా అనుకున్నాను.”

ఎక్కడికి వెళ్ళి ఉంటాడు, ఎవరూ లేని చోటు ఏదైనా తెలుసా అని అడిగాడాయన, ఆ గొంతులో ఇప్పుడు నవ్వు లేదు, కలం వెతుక్కునే చప్పుడు ఉంది. ఊరి బయట క్వారీ అంది ఆమె. మూతపడ్డది. చిన్నప్పుడు వెళ్ళేవాళ్ళం. మనుషుల్ని పంపుతున్నాను, మీరు ఇంటి దగ్గరే ఉండండి అన్నాడు, అమ్మగారికి మాత్రం ఇప్పుడే ఏమీ చెప్పకండి అన్నాడు. ఫోను పెట్టేశాక ఆమెకు ఒక్కటే తెలిసింది, సాయంత్రం గడపలో అమ్మ అడుగుతుంది. ఈవేళ ఏం విన్నాడే అని.

బ్యాగు తీసుకుని లేచింది. తాతగారు. ఆయన్ని పెట్టెలోనే మరిచిపోయింది. ఎంతసేపైంది, పది నిమిషాలా, ఈ పది నిమిషాలూ ఆ చెవుల్లోకి ఒక్క కూత వెళ్ళలేదు. ఆమె అద్దంలోంచి చూసింది. తాతగారు కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వాల్చి, బటను మీద బొటనవేలు ఆనించి ఉంచారు. నొక్కడం లేదు. ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి నిజంగా వింటున్నారు.

ఆమె తలుపు తెరిచి డిప్పలు తీస్తుంటే తాతగారు ఉలిక్కిపడ్డారు, ఆమె మొహం చూసి భయపడ్డారు. “అంతా పోయిందా అమ్మా?” అని అడిగారు, చెవిటివాళ్ళు అడిగేలా, గట్టిగా. ఆయన అడిగేది ఆయన చెవుల గురించే. కొంచెం ఉందండీ అంది ఆమె. కాగితం చేతిలో పెట్టింది, మామ్మగారికి చూపించండి, పొగరు కాదని చెప్పండి అంది. డాక్టరమ్మ గదిలోకి తొంగిచూసి సెలవు కావాలంది. మెట్లు దిగుతూ ఫోను తెర వైపు చూసింది. చూడకుండా ఉండలేకపోయింది. చుక్క ఆరిపోవాలని ఇన్నాళ్ళలో మొదటిసారి మొక్కుకుంటూ, మెట్టు మెట్టుకూ ఆగి చూసింది. ఆగరా. మధ్యలో ఆగిపోరా. చరణం పూర్తి కానివ్వకుండా లాక్కో, ఎంతమంది తిట్టినా సరే. దిగమంటే దిగిపోతాను.

రెండూ యాభై ఆరు. పాట ఆగలేదు.